మధ్యతరగతి ఇల్లు అంటే ఎంత ఆదాయం? సిక్కోలు నుంచి ఒక లెక్క

[తెర మీద: నరసన్నపేట పరిసరాల్లో వరి పొలాలు, రోడ్డు పక్కన చిన్న కిరాణా కొట్టు]

నమస్కారం. ఏడాదికి ఎంత ఆదాయం వచ్చే ఇంటిని మధ్యతరగతి అనాలో ఈ వీడియోలో పరిశీలిద్దాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రెండెకరాల రైతును అడిగినా, హైస్కూలు ఉపాధ్యాయుడిని అడిగినా, పలాసలో జీడిపప్పు కార్ఖానా నడిపే యజమానిని అడిగినా "మాది మధ్యతరగతే" అంటారు. ముగ్గురి ఆదాయాలకూ పొంతన లేనప్పుడు ఎవరి మాట సరైనదో తేల్చడానికి ఒక అంకె కావాలి. ఆ అంకెను చాలామంది ఇప్పటికే చెప్పారు. అయితే దాని కన్నా ముందు, అసలు ఒక ఇంటి ఆదాయంలో ఎవరెవరిది కలపాలన్న ప్రశ్న తేలాలని, మన జిల్లాల విషయంలో అదే అసలైన ప్రశ్న అని నా అభిప్రాయం.

ముందుగా అంకెను చూద్దాం. మన దేశంలో తరచుగా వినిపించేది "ప్రైస్" అనే పరిశోధన సంస్థ ఇచ్చిన నిర్వచనం. 2020-21 ధరల ప్రకారం ఏడాదికి 5 లక్షల నుంచి 30 లక్షల రూపాయల ఆదాయం గల కుటుంబాలను ఆ సంస్థ మధ్యతరగతిగా లెక్కించి, దేశ జనాభాలో 31 శాతం ఈ తరగతిలో ఉన్నారని అంచనా వేసింది. 1.25 లక్షల నుంచి 5 లక్షల మధ్య ఉన్నవారికి ఎదగాలని ఆశించేవారు అన్న అర్థంలో వేరే పేరు పెట్టింది.

[తెర మీద: ఒక ఇంటి బొమ్మ, పక్కన "ఊహించిన కుటుంబం" అన్న అక్షరాలు]

ఇప్పుడు నరసన్నపేట దగ్గర ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రికి రెండెకరాల వరి పొలం, ఒక చిన్న కొట్టు ఉన్నాయి. ఖర్చులు పోగా రెండింటి మీద ఏడాదికి 2.4 లక్షలు మిగులుతాయి. ఇంట్లో తల్లి, నాయనమ్మ, డిగ్రీ చదువుతున్న కూతురు ఉన్నారు. పెళ్లికాని పెద్ద కొడుకు హైదరాబాదులో నెలకు 40 వేల జీతానికి పనిచేస్తూ, అందులో 15 వేలు ప్రతి నెలా ఇంటికి పంపుతున్నాడు. వలస ఇంటింటి వ్యవహారమైన మన ప్రాంతంలో ఇటువంటి కుటుంబాన్ని ప్రత్యేకంగా వెతకనక్కరలేదు.

మరి ఈ ఇంటి ఆదాయం ఎంత? కొడుకు ఆ ఇంటివాడేనని ఊళ్లో అందరూ అంటారు కనుక, అతని ఏడాది జీతం 4.8 లక్షలు కలిపితే మొత్తం 7.2 లక్షలవుతుంది. కానీ మన దేశంలో గణాంక సర్వేలు ఇంటిని రక్తసంబంధం మీద కాకుండా వంట మీద నిర్ణయిస్తాయి. సాధారణంగా ఒకేచోట ఉంటూ ఒకే వంట తినేవారే ఒక ఇల్లు. ఆ ప్రకారం కొడుకు హైదరాబాదులో వేరే ఇల్లు అవుతాడు. అతను ఏడాదికి పంపే 1.8 లక్షలు మాత్రమే తండ్రి ఇంటి రాబడిలో చేరతాయి కాబట్టి, ఆ మొత్తం 4.2 లక్షల దగ్గర ఆగిపోతుంది. ధరల పెరుగుదలను కాసేపు పక్కన పెట్టి 5 లక్షల గీతనే తీసుకుంటే, విడిగా చూసినప్పుడు 4.2 లక్షల తండ్రి ఇల్లూ, 4.8 లక్షల కొడుకు ఇల్లూ రెండూ మధ్యతరగతికి బయటే ఉంటాయి. కలిపి చూస్తే మాత్రం అదే కుటుంబం గీత దాటి లోపలికి వస్తుంది. రూపాయి అటూ ఇటూ కాలేదు, మారినది ఇంటి హద్దు ఒక్కటే.

ప్రభుత్వ నిబంధనల దగ్గరికి వెళితే ఈ హద్దు ఇంకోలా మారుతుంది. ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు, అంటే ఈడబ్ల్యూఎస్ కింద, 2019లో 103వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన రిజర్వేషన్‌కు ఏడాదికి 8 లక్షల ఆదాయ పరిమితి ఉంది. ఆ కుటుంబం ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్ల కిందికి రానిదై, కూతురు దరఖాస్తు చేస్తే, కుటుంబం అంటే ఆమె, తల్లిదండ్రులు, 18 ఏళ్లలోపు తోబుట్టువులు మాత్రమే. అన్న మైనరు కాదు కనుక అతని జీతం లెక్కలోకి రాదు. వెనుకబడిన తరగతులలో రిజర్వేషన్ వర్తించని సంపన్న శ్రేణిని, అంటే క్రీమీలేయర్‌ను, తేల్చే పరిమితి కూడా 8 లక్షలే అయినా, దాని ఆదాయ పరీక్షలో తల్లిదండ్రుల జీతాన్నీ వ్యవసాయ రాబడినీ కలపరు, కాబట్టి అక్కడ కొట్టు మీద వచ్చేదే మిగులుతుంది. మన రాష్ట్రంలో బియ్యం కార్డుకు పల్లెలో నెలకు 10 వేలు, పట్టణంలో 12 వేలు ఆదాయ పరిమితి. కేంద్ర బడ్జెట్ 2025లో కొత్త పన్ను విధానం కింద 12 లక్షల వరకు ఆదాయపు పన్ను లేకుండా చేశారు. ఈ పరిమితులలో ఏదీ మధ్యతరగతిని నిర్వచించడానికి పెట్టినది కాదు. ఒక పథకానికి పెట్టిన పరిమితిని తీసుకుని "ఇదే మధ్యతరగతి" అని వాదించడం సరికాదని గట్టిగా చెప్పదలచుకున్నాను. 8 లక్షలు ఉన్నా పేదలేనా అన్న చర్చ చాలావరకు ఈ పొరపాటు వల్లనే దారి తప్పుతోంది.

[తెర మీద: 4.2 లక్షలు ÷ 4, 7.2 లక్షలు ÷ 5]

ఇంట్లో ఎందరున్నారన్నది తరువాతి విషయం. ఊరి ఇంట్లో నలుగురికి 4.2 లక్షలంటే తలకు నెలకు 8,750 రూపాయలు. అయిదుగురినీ కలిపితే 12 వేలు. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పల్లెల్లో తలసరి నెల ఖర్చు సగటున 4,122 రూపాయలు. ఆదాయాన్ని ఖర్చుతో నేరుగా పోల్చకూడదు గానీ, 5 లక్షల గీతకు దిగువన ఉన్నంత మాత్రాన ఈ ఇల్లు సగటు పల్లె కుటుంబం కన్నా వెనుకబడి ఉందనుకోలేమని దీన్నిబట్టి తెలుస్తుంది. ఓఈసీడీ అనే దేశాల కూటమి ఒక స్థిరమైన మొత్తాన్ని కాకుండా మధ్యగత ఆదాయాన్ని, అంటే ఇళ్లన్నిటినీ ఆదాయ క్రమంలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉండే ఇంటి ఆదాయాన్ని ఆధారం చేసుకుని, దానిలో 75 శాతం నుంచి 200 శాతం వరకు ఉన్నవారిని మధ్యతరగతి అంటుంది. ఇంటి పరిమాణాన్ని కూడా సరిచూస్తుంది. ఈ పద్ధతి నాకు ఎక్కువ న్యాయంగా తోస్తుంది, ఎందుకంటే జనం ఆదాయాలు పెరిగినకొద్దీ గీత కూడా కదులుతుంది. 2020-21లో పెట్టిన 5 లక్షల గీతను, ధరలు ఏటా 5 శాతం పెరిగాయనుకుంటే, అయిదేళ్లకు దాదాపు 6.38 లక్షలుగా చదువుకోవాలి.

ఏ సంవత్సరం ఆదాయాన్ని కొలవాలన్నది శ్రీకాకుళం జిల్లాలో తోటలకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతంలో అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను ఒక్క రాత్రిలో నేలకూల్చింది. అంతకుముందు ఏడాది ఆదాయం చూస్తే గీతకు పైన ఉన్న ఇల్లు, మరుసటి ఏడాది ఎక్కడో అడుగున కనిపించి ఉంటుంది. కొబ్బరి మొక్క నాటినా కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అదే ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి వచ్చిన ఇంట్లో ఆదాయం అంతే ఉన్నా, ఆసుపత్రి ప్రయాణాలకూ పోగొట్టుకున్న పనిదినాలకూ అందులో పెద్ద భాగం పోతుంది. ఏడాది ఆదాయపు అంకె ఆ భారాన్ని చూపలేదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో 2008లో అనేక దేశాల సమాచారాన్ని పరిశీలించి, మధ్యతరగతిని పేదల నుంచి వేరుచేసేవాటిలో నిలకడైన, మంచి జీతం వచ్చే ఉద్యోగమే ముఖ్యమని గుర్తించారు. మన జిల్లాల యువకులు సైన్యంలోకో, రైల్వేలోకో వెళ్లాలని ఏళ్ల తరబడి పడే శ్రమ నాకు ఈ వెలుగులోనే అర్థమవుతుంది. వారు కోరేది పెద్ద మొత్తం కన్నా, తుపానుకూ అనారోగ్యానికీ ఆగకుండా ఒకటో తేదీన వచ్చే జీతం. అందుకని కనీసం మూడు నాలుగేళ్ల ఆదాయాన్ని సగటు తీయకుండా ఒక రైతు కుటుంబాన్నో మత్స్యకార కుటుంబాన్నో ఏ తరగతిలోనూ పెట్టకూడదంటాను.

[తెర మీద: సర్వే పత్రం నమూనా]

మన దేశంలో ఇంతకాలం క్రమం తప్పకుండా కొలిచినది ఖర్చునే. గతంలో జాతీయ నమూనా సర్వే ఆదాయాన్ని కొలవడానికి ప్రయత్నించినా, జనం చెప్పిన ఆదాయం వారి ఖర్చు, పొదుపుల మొత్తం కన్నా తక్కువగా తేలడంతో ముందుకు సాగలేదు. 2026లో దేశవ్యాప్తంగా గృహ ఆదాయ సర్వే జరుపుతామని కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ 2025లో ప్రకటించింది. అటువంటి సర్వే సిబ్బంది మన గడపకు వచ్చినప్పుడు, కొడుకు జీతం ఎంతో చెప్పి ఊరుకోకుండా, అందులో ఇంటికి చేరేది ఎంతో విడిగా చెప్పాలి. అమ్మకుండా తిండికి ఉంచుకున్న ధాన్యం కూడా రాబడే కనుక, దాని విలువనూ చెప్పాలి.