11 చుక్కలు, 6 వరకు

అందరికీ నమస్కారం. పాతపట్నం నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చినవాళ్లకూ, గుణుపూర్ నుంచి రైలెక్కి వచ్చిన పిల్లలకూ, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన డ్రాయింగ్ మాస్టర్లకూ మరోసారి నమస్కారం.

నాది ఈ పర్లాకిమిడిలోనే చిన్న డీటీపీ షాపు. పగలంతా పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు. రాత్రి ఏడు దాటాక షట్టర్ సగం దించేసి, బొమ్మల మీద ఇష్టమున్న పిల్లలకు కంప్యూటర్‌లో బొమ్మలు వేయడం నేర్పుతుంటాను. ఈ రోజు నన్ను మాట్లాడమన్నది జీమిక్ గురించి. జింప్, క్రిటా అని డబ్బు కట్టక్కర్లేని బొమ్మల సాఫ్ట్‌వేర్లు రెండున్నాయి కదా, వాటిలో పనిచేసే ప్లగిన్ ఇది, అంటే వాటికి అదనంగా తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్. ఫ్రాన్స్‌లో కాన్ అనే ఊళ్లో గ్రేక్ అనే పరిశోధనశాల ఉంది, అక్కడ డేవిడ్ చుంపెర్లే అనే ఆయన 2008లో మొదలుపెట్టారు, ఇప్పటికీ కొత్త ఫిల్టర్లు చేరుతూనే ఉన్నాయి. 500 పైచిలుకు ఫిల్టర్లున్నాయి. పాత ఫోటో మీద మచ్చలు తగ్గించేవి, గీసిన బొమ్మకు రంగులు నింపేవి, ఫోటోను పెయింటింగ్‌లా మార్చేవి, అన్నీ ఉచితం. ఇంత మంచి వస్తువు ఉచితంగా దొరుకుతుంటే మన పిల్లలు దాన్ని తెరిచి, రెండు నిమిషాలు చూసి, మూసేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే, ఈ రోజు ఇక్కడ నిలబడింది కూడా అందుకే.

ఎందుకు మూసేస్తున్నారంటే, ఒకసారి తెరిచి చూడండి తెలుస్తుంది. ఎడమవైపు మీ బొమ్మ, మధ్యలో ఫిల్టర్ల పట్టీ చాంతాడంత, కుడివైపు స్లైడర్లు, అంటే పక్కకు జరిపితే అంకె మారే మీటలు. ఉదాహరణకు స్మూత్ అనిసోట్రోపిక్ అని ఒక ఫిల్టర్ తీసుకుందాం. ఆంప్లిట్యూడ్ 60, షార్ప్‌నెస్ 0.7, అనిసోట్రోపీ 0.3, గ్రేడియంట్ స్మూత్‌నెస్ 0.6, టెన్సర్ స్మూత్‌నెస్ 1.1, స్పేషియల్ ప్రెసిషన్ 0.8, యాంగులర్ ప్రెసిషన్ 30, ఇంకా కిందికి జరుపుతూ పోతే ఇంకా ఉన్నాయి. టెన్సర్ అంటే ఏమిటో ఇంజినీరింగ్ చదివినవాళ్లే తడుముకుంటారు, తొమ్మిదో తరగతి పిల్లకు ఏం తెలుస్తుంది?

నేను మొదటిసారి నేర్పినప్పుడు చాలా పెద్ద తప్పు చేశాను. ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చి, ఒక ఆదివారం పొద్దున్న కూర్చోబెట్టి, వరసపెట్టి ఫిల్టర్లన్నీ చూపిస్తూ పోయాను. ఇది చూడండి, ఇది ఇంకా బాగుంటుంది, ఇది చూస్తే మతిపోతుంది అని. పొద్దున్న పంతొమ్మిది మంది వచ్చారు, మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురు మిగిలారు. ఆ నలుగురిలో ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, "ఇవన్నీ మీకొచ్చు మాస్టారూ, మాకేటి రావాలో చెప్పనేదు" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను నేర్పింది ఏమీ లేదు, సంతలో దుకాణం పరిచినట్టు పరిచానంతే.

తరవాత ధనుర్మాసంలో మా వీధిలో ఒక సంగతి చూశాను. పక్కింటి అత్తయ్యగారు వాళ్ల మనవరాలికి ముగ్గు చెబుతున్నారు. ఆ పిల్ల చేతిలో ముగ్గుల పుస్తకం ఉంది, అచ్చేసింది కాదు, వాళ్లమ్మ చేత్తో రాసుకున్న నోట్‌బుక్. ప్రతి ముగ్గు కింద ఒకటే లైను: "11 చుక్కలు, 6 వరకు, సందు చుక్క." మనకందరికీ తెలిసిన మాటే కదా ఇది. మధ్యలో పదకొండు, అటూ ఇటూ ఒక్కోటి తగ్గించుకుంటూ ఆరు దాకా, పై వరస చుక్క కింది రెండు చుక్కల సందులో పడాలి. లెక్కేస్తే 91 చుక్కలు. తొంభై ఒక్క చుక్కల లెక్కంతా ఆ ఒక్క లైనులో ఇమిడిపోయింది, వాకిలంత ముగ్గు దాంట్లోంచి బయటికొస్తుంది. ఆ పిల్లకు ఎవరూ షట్కోణం అని చెప్పలేదు, సౌష్ఠవం అని చెప్పలేదు. పైగా మొదటిరోజే పదకొండు చుక్కలది చెప్పరు, 3 చుక్కలు 3 వరసలతో మొదలుపెడతారు, అది పది రోజులు వేశాక అయిదు, ఆ తరవాత ఏడు.

ఆ రాత్రే కూర్చుని జీమిక్ పాఠాలన్నీ చించేసి మళ్లీ రాశాను. ఒక ఫిల్టర్‌కి ఒక పేజీ, పేజీలో ఒక బొమ్మ, బొమ్మ కింద ఒకటే లైను. పట్టుకోవాల్సిన స్లైడర్లు మూడు, వాటి అంకెలు మూడు. మిగతావాటి జోలికి వెళ్లొద్దు, అవి ఉన్నచోట ఉన్నట్టే బాగా పనిచేస్తాయి, తయారుచేసినవాళ్లే ఆలోచించి పెట్టిన అంకెలవి.

ఇక పేర్ల సంగతి. ఇది కాస్త నెమ్మదిగా చెప్పాలి. మొదట్లో నేను ఇంగ్లీషు పేర్లకు తెలుగు మాటలు వెతికాను. అనిసోట్రోపీకి అసమదిశాత్వం అనో ఏదో రాశాను. పిల్లలు దాన్ని కూడా ఇంగ్లీషు చదివినట్టే చదివారు. పైగా మన దగ్గర ఇంకో చిక్కుంది, మీ అందరికీ తెలిసిందే, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. చక్కగా తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది తెలుగు అక్షరాలు చదవలేరు. వాళ్లకు పుస్తకాల తెలుగు, ఫ్రెంచి రెండూ ఒకటే.

అప్పుడేం చేశానంటే, పేరు చెప్పకుండా స్లైడర్ ఒక్కటే చేతికిచ్చాను. ఒక పాత ఫోటో స్కాన్ చేసి పెట్టాను, ఆ పిల్లల్లో ఒకరి నాయనమ్మది, గింజలు గింజలుగా ఉంది. అనిసోట్రోపీ సున్నాకు తెచ్చి చూడమన్నాను, ముఖమంతా మెత్తటి బురదలా అయిపోయింది, అన్నివైపులా సమానంగా పులిమేసినట్టు. ఆ స్లైడర్ ఒకటి వైపు జరిపితే మచ్చలు పోయాయి కానీ జుట్టు జుట్టులాగే, చీర అంచు అంచులాగే నిలిచింది. ఎందుకంటే అప్పుడు అది గీత ఎటు పోతుంటే అటువైపే సాపు చేస్తుంది, గీతకు అడ్డంగా పోదు. "నూనె రాసి దువ్వినట్టుంది గదా మాస్టారూ" అన్నాడు ఒక కుర్రాడు. అంతే, ఆ రోజు నుంచి మా షాపులో దాని పేరు దువ్వెన. ఆంప్లిట్యూడ్ అంటే ఎన్నిసార్లు గట్టిగా దువ్వామో ఆ జోరు. షార్ప్‌నెస్ అంటే అంచుకు కాపలా, అది పెంచితే అంచు చెరగదు. జోరు 60, కాపలా 0.7, దువ్వెన 0.6 అని నోట్‌బుక్కులో రాసుకుంటారు, ఒడియా అక్షరాల్లో రాసుకునేవాళ్లు అలాగే రాసుకుంటారు. మాట వాళ్లది కాబట్టి ఏ లిపిలో ఉన్నా గుర్తుంటుంది.

నేను ఈ మాట అంటున్నది ఏ ఊళ్లోనో గుర్తుందా? గిడుగు రామమూర్తిగారు 1880లో రాజావారి బళ్లో మాస్టారుగా చేరిన ఊరు ఇది. ఆయన కొండల్లోకి వెళ్లి సవరల మాట నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశారు, తరవాత తెలుగులో కూడా జనం మాట్లాడే మాటే పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. ఆయన పేరు చెప్పి దండ వేస్తే సరిపోదు, ఈ ఊళ్లో ఏది నేర్పినా, అది సాఫ్ట్‌వేర్ అయినా సరే, ఆయన దారిలో నేర్పాలి అని నా నమ్మకం.

ఇప్పుడు మాస్టర్లు ముఖ్యంగా వినాలి. కొత్తవాళ్ల భయం స్లైడర్లు ఎక్కువున్నాయని కాదు. పాడైపోతే వెనక్కి ఎలా రావాలో తెలియక భయం. ఒకమ్మాయి రెండు వారాలు కూర్చుని మౌసుతోనే, పెన్ టాబ్లెట్ కూడా లేకుండా, రథయాత్ర బొమ్మ వేసింది. దాని మీద ఒక ఫిల్టర్ వేసి, బాగుందనుకుని సేవ్ చేసి మూసేసింది. మర్నాడు తెరిస్తే అసలు బొమ్మ లేదు. అవుట్‌పుట్ దగ్గర ఇన్ ప్లేస్ అని ఉండటం వల్ల ఫిల్టర్ నేరుగా అసలు లేయర్ మీదే, అంటే బొమ్మ ఉన్న పొర మీదే పడింది, సేవ్ చేసి మూసేశాక అన్‌డూ కూడా పనిచేయదు. ఆ పిల్ల ఏడవలేదు, కానీ నెల రోజులు షాపు వైపు రాలేదు. నేను ముందే చెప్పి ఉండాల్సిన మాట అది. ఇప్పుడు మా దగ్గర మొదటి పాఠం ఫిల్టర్ కాదు. అవుట్‌పుట్‌ను న్యూ లేయర్ అని మార్చడం, స్లైడర్లను మొదటి స్థితికి తెచ్చే రీసెట్ బటన్ ఎక్కడుందో వేలితో చూపించడం, ఫైల్‌ను వేరే పేరుతో సేవ్ చేయడం. ఈ మూడూ కళ్లు మూసుకుని చేయగలిగాకే మొదటి ఫిల్టర్. ఇక అప్పుడు చూడండి పిల్లల్ని, స్లైడర్లను ఈ కొస నుంచి ఆ కొసకు లాగి పారేస్తారు, టెన్షన్ ఉండదు.

రంగులు నింపే ఫిల్టర్ గురించి చెప్పకుండా ఉండలేను, మా పిల్లలకు ప్రాణం అది. కలరైజ్ లైనార్ట్, స్మార్ట్ కలరింగ్ అని ఉంటుంది. గీత బొమ్మ ఇస్తే, గీతలు ఎక్కడెక్కడ తెగాయో వెతికి ఆ కొసలు తనే కలుపుకుని, ఏర్పడిన గడులన్నిటికీ తలో రంగు వేరే లేయర్‌లో వేసి ఇస్తుంది. ఆ రంగులు మీకు నచ్చక్కర్లేదు, గడి విడిపోయింది కాబట్టి బకెట్ టూల్‌తో ఒక్క క్లిక్కులో మార్చుకోవచ్చు. ఈ పద్ధతి ఎంత బాగుందంటే 2019లో జింప్ 2.10.10 వచ్చినప్పుడు బకెట్ టూల్‌లోనే గీతలను గుర్తుపట్టి నింపే వీలు పెట్టారు.

సంక్రాంతికి పిల్లలు వాకిట్లో ముగ్గులు ఫోన్‌తో ఫోటో తీసుకొచ్చి దీనికిచ్చారు. ఏమీ రాలేదు, అంతా గజిబిజి. పాపం ఫిల్టర్ పాడైందనుకున్నారు. దగ్గరగా చూస్తే విషయం తేలిగ్గా ఉంది. ఆ ఫిల్టర్ చేసినవాళ్లు తెల్ల కాగితం మీద నల్ల సిరా గీత అనుకుని చేశారు. మనది పేడనీళ్లు చల్లిన నేల మీద తెల్ల పిండి గీత. ముందు కలర్స్ మెనూలో ఇన్వర్ట్ కొట్టాలి, తెలుపు నలుపవుతుంది. తరవాత థ్రెషోల్డ్, అంటే ఎంత ముదురైతే నలుపు, ఎంత లేతైతే తెలుపు అని తేల్చే హద్దు, జరిపి నేల మీద గరుకు, పేడ మరకలు ఎగరగొట్టాలి, గీత మాత్రం మిగలాలి. అప్పుడు ఫిల్టర్. పిండి రాలక గీత సన్నబడి తెగిన చోట్లన్నీ అది చక్కగా అతికించుకుంది. ఒక్కో తామర రేకు విడివిడిగా రంగు తీసుకుంటుంటే ఆ పిల్లలు స్క్రీన్‌కు ముక్కు ఆనించి చూశారు.

కొండ మీద ఊరి నుంచి వచ్చే సవర కుర్రాడొకడు ఉన్నాడు మా దగ్గర. వాళ్ల ఇళ్లలో గోడల మీద ఎర్రమన్ను పూత, దాని మీద తెల్ల పిండితో మనుషులు, గుర్రాలు, చెట్లు వేస్తారు, ఇడితాల్ అంటారు. అది వాళ్లకు పూజ, డిజైన్ కాదు. అందుకని ఆ బొమ్మలు వాడదామని నేను అనలేదు, వాడూ అనలేదు. తన ఊరి సంతను ఆ తీరు గీతలతో సొంతంగా గీసుకొచ్చాడు, ఎర్ర కాగితం మీద తెల్ల పెయింటుతో. ఎవరూ చెప్పకుండానే ముందు ఇన్వర్ట్ కొట్టాడు. ముగ్గు పాఠం వాడికి అక్కడ పనికొచ్చింది.

మన కంప్యూటర్ల గురించి ఒక్క మాట. చాలా ఇళ్లలో 4 జీబీ ర్యామ్ మిషన్లే. పెద్ద ఫోటో మీద ఫిల్టర్ వేస్తే నిమిషాల కొద్దీ తిరుగుతుంది, హ్యాంగ్ అయిందని ఆపేస్తారు. నేర్చుకునేటప్పుడు బొమ్మను వెయ్యి పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి పెట్టుకోండి. ఇంకోటి, ఎడమవైపు చిన్న కిటికీలో కనిపించేది మీరు జూమ్ చేసిన ముక్క వరకే లెక్కేసి చూపిస్తుంది, కొన్ని ఫిల్టర్లలో చివరికి వచ్చేది కొంచెం తేడాగా ఉంటుంది, కంగారుపడకండి.

కొందరు మాస్టర్లు నన్ను అడుగుతుంటారు, ఈ అయిదొందలు ఎందుకు, పది ఫిల్టర్లతో చిన్న ప్లగిన్ ఒకటి చేసి ఇవ్వొచ్చు కదా అని. నాకు ఒప్పుదల లేదు. ఆ పది ఎవరు ఎంచుతారు? నేను ఎంచితే నా ఇష్టం వాళ్ల బొమ్మల్లోకి వస్తుంది. నెమ్మదిగా ఒక్కో గది తలుపు తీసి చూపిద్దాం, ఇల్లు మాత్రం పెద్దదిగానే ఉండనిద్దాం. దానికి ప్లగిన్‌లోనే దారి ఉంది. మీకు కుదిరిన అంకెలతో ఫిల్టర్‌ను ఫేవ్స్‌లో, అంటే మీకు నచ్చినవాటిలో, చేర్చుకుంటే, పట్టీ పైన మీరు పెట్టిన పేరుతో కనిపిస్తుంది. మా షాపు మిషన్లలో పైన ఏడు పేర్లున్నాయి, దువ్వెన అందులో మొదటిది, ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసి పెట్టాం. కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఏడింటితో మొదలుపెడతారు, నెల తిరిగేసరికి ఎనిమిదోది వాళ్లే చేర్చుకుంటారు.

సరే, మాటలు చాలు. ముందు రెండు వరసల్లో ఉన్నవాళ్లు మిషన్లు ఆన్ చేయండి, మిగతావాళ్లు వాళ్ల వెనక నిలబడండి, పావుగంటకు మారుదాం. డెస్క్‌టాప్ మీద ముగ్గు అని ఒక ఫైల్ ఉంది, తెరవండి. ఇంకా ఏ ఫిల్టర్ ముట్టుకోవద్దు. ముందు దాన్ని మీ పేరుతో సేవ్ చేయండి, తరవాత అవుట్‌పుట్ దగ్గర న్యూ లేయర్ పెట్టి, చెయ్యెత్తండి, నేను వచ్చి చూస్తాను.