ఊరి నడిబొడ్డుకు చేరిన స్టేషన్

సభకు నమస్కారం.

వేల్స్ దేశపు ఉత్తర భాగంలో, కొండల మధ్య, బ్లైనై ఫెస్టినియాగ్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి నడిబొడ్డున ఉన్న రైల్వే స్టేషన్ గురించి ఈ సాయంత్రం చెప్తాను. అక్కడ చూడదగ్గ పెద్ద భవనమేమీ లేదు. కానీ ఒక పక్క పట్టాల మధ్య 1435 మిల్లీమీటర్ల దూరమున్న మామూలు లైను, దాని పక్కనే ఆ దూరం 597 మిల్లీమీటర్లే ఉన్న సన్న పట్టాల లైను ఉంటాయి. ఆ రెండూ ఇలా ఒకచోట ఉండడం వెనక వందేళ్లకు పైబడిన కథ ఉంది.

ఆ ఊరు బతికిందే పలక రాయి మీద. మన మార్కాపురంలో పిల్లల పలకలు చేసిన రాయి జాతే అది. అక్కడ దాన్ని పల్చగా చీల్చి ఇళ్ల కప్పులకు వాడారు. గనులేమో కొండ మీద, ఓడలేమో పోర్త్‌మాడాగ్ రేవులో. ఆ రెంటినీ కలపడానికి 1832లో పార్లమెంటు చట్టం చేసింది, 1836లో ఆ సన్న పట్టాల లైను మొదలైంది. అప్పటికి దాని మీద ఇంజను లేదు. రేవు దాకా వాలుగా పట్టాలు వేస్తే, రాళ్లు నింపిన బండ్లు తమ బరువుకే దిగిపోయేవి. బ్రేకులు వేసే మనుషులు బండ్ల మీదే ఉండి వేగాన్ని అదుపు చేసేవారు. గుర్రాలు కూడా ఆ వరసలోనే ఒక చిన్న బండిలో నిలబడి కిందికి వచ్చేవి. ఖాళీ బండ్లను మళ్లీ పైకి లాగాల్సింది అవే కదా! 1863లో ఆవిరి ఇంజన్లు వచ్చాక గుర్రాల పని తీరింది గానీ, రాళ్లు మాత్రం 1939 దాకా అలాగే దిగాయి. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

ఈ సరుకు మీద పెద్ద రైల్వే కంపెనీల కన్ను పడింది. 1879లో లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ కంపెనీ, కొండ కింద మూడు కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి, ఉత్తరం నుంచి వచ్చింది. 1883లో గ్రేట్ వెస్టర్న్ కంపెనీ బాలా అనే ఊరి వైపు నుంచి వచ్చింది. ఎవరి స్టేషన్ వాళ్లదే. గ్రేట్ వెస్టర్న్ వాళ్లది ఊరి మధ్యలో ఉండేది. మనం చెప్పుకుంటున్న స్టేషన్ ఇప్పుడున్నది ఆ స్థలంలోనే.

తర్వాత నీళ్లు వచ్చాయి. లివర్‌పూల్ నగరానికి నీటి కోసం ట్రువెరిన్ లోయలో ఆనకట్ట కట్టాలన్నారు. వేల్స్ ఎంపీలు దాదాపు అంతా కాదన్నా 1957లో చట్టం అయిపోయింది. కాపెల్ కెలిన్ ముంపు గ్రామమైంది. బడి, ప్రార్థనా మందిరం, పోస్టాఫీసు అన్నీ పోయాయి. బాలా లైను కూడా ఆ ముంపులోదే. 1960లో ప్యాసింజర్ రైళ్లు ఆపేశారు, ఊరి మధ్య స్టేషన్ మూతబడింది. లివర్‌పూల్ నగరపాలక మండలి 2005లో క్షమాపణ చెప్పింది. అప్పటికి చాలా ఆలస్యమైందని నా అభిప్రాయం.

సన్న పట్టాల లైనుకూ నీటి దెబ్బ తప్పలేదు. 1946లో మూతబడ్డ ఆ లైనును స్వచ్ఛంద కార్యకర్తలు 1955లో రేవు వైపు నుంచి మళ్లీ నడపడం మొదలుపెట్టారు. ఈలోగా జలవిద్యుత్తు కోసం కట్టిన రిజర్వాయరులో పై భాగం పట్టాలు మునిగాయి. వాళ్లు వదల్లేదు. 1965 నుంచి శని, ఆదివారాలు, సెలవులు అనకుండా కొండను తవ్వి కొత్త దారి వేసుకున్నారు. ఎత్తు పెరగాలి కాబట్టి ఒకచోట లైను గుండ్రంగా తిరిగి తన మీదుగా తానే దాటుతుంది. జీతం లేకుండా ఇంత పని చేసినవాళ్లకు ఈ సభాముఖంగా నమస్కరిస్తున్నాను.

ఇక పెద్ద లైను సంగతి. ట్రౌస్‌వనిద్ దగ్గర అణు విద్యుత్ కేంద్రం వచ్చింది. దాని ఇంధనాన్ని రైల్లో తరలించాలి. అందుకని 1964లో ఉత్తరపు లైనునీ, మూతబడ్డ బాలా లైనులో మిగిలిన ముక్కనీ ఊళ్లోంచే కలిపారు. సరుకు కోసం వేసిన ఆ కాస్త లింకే జనానికి కలిసొచ్చింది. 1982 మార్చి 22న ప్యాసింజర్ రైళ్లను దాని మీదుగా పాత గ్రేట్ వెస్టర్న్ స్థలానికి తెచ్చి కొత్త స్టేషన్ తెరిచారు. మే 25న సన్న పట్టాల రైలూ వచ్చి చేరింది. అప్పటికి 1832 చట్టానికి సరిగ్గా నూటయాభై ఏళ్లు.

గనుల్లో ఒకప్పటి పని లేదు, అణు కేంద్రం 1991 నుంచి కరెంటు ఇవ్వడం లేదు. అయినా రైలు నడుస్తోందంటే, స్టేషన్ ఊరి మధ్యలో, జనం నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండడం ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను. 2019 మార్చిలో వరదకు ఆ ఉత్తరపు లైను, అంటే కాన్వీ లోయ లైను, బాగా దెబ్బతింది. ఈసారి మాత్రం మూసెయ్యలేదు. లాన్‌రూస్ట్‌లో ఆ ఆగస్టులో జరగాల్సిన జాతీయ ఐస్టెడ్‌ఫడ్ అనే వేల్స్ సాహిత్య, సంగీత ఉత్సవానికి ముందే, జులైలో, బాగుచేసి రైళ్లు నడిపారు.