పద్నాలుగో నంబరు పన్ను ఎక్కడుంది?

అందరికీ నమస్కారం.

మీలో ఎక్కువమంది ఆంధ్రలోనో తెలంగాణలోనో బీడీఎస్ పూర్తిచేసి అమెరికా వచ్చి, ఇక్కడి డెంటల్ స్కూల్లో సీటు కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు. అందుకే ముందు ఒక చిన్న ప్రశ్న. పద్నాలుగో నంబరు పన్ను ఎక్కడుంది?

పళ్లకు నంబర్లిచ్చే పద్ధతుల్లో మన కాలేజీల్లో నేర్చుకున్న ఎఫ్‌డీఐ లెక్కలో 14 అంటే పైదవడ కుడివైపు మొదటి ప్రీమోలార్, అంటే కోరపన్ను వెనక వచ్చే పన్ను. ఇక్కడ వాడే యూనివర్సల్ లెక్కలో 14 అంటే పైదవడ ఎడమవైపు మొదటి మోలార్, అంటే పెద్ద దవడపన్ను. బెంచ్ టెస్టు, అంటే ప్లాస్టిక్ పళ్ల మీద చేయించే పరీక్ష, దాని కాగితం మీద 14 అని చూడగానే చెయ్యి అలవాటుకొద్దీ కుడివైపుకి పోతుంది. ప్రిపరేషన్, అంటే పన్నును చెక్కడం, ఎంత బాగా వచ్చినా అది తప్పు పన్ను. 19 అనో 30 అనో రాసి ఉంటే ఇంత ప్రమాదం లేదు. ఎఫ్‌డీఐలో ఆ నంబర్లే లేవు కాబట్టి ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాం. 11 నుంచి 18, 21 నుంచి 28, ఆపైన 31, 32 మాత్రం రెండు లెక్కల్లోనూ ఉన్నాయి. మొత్తం 18 నంబర్లు. వాటిలో ఒక్కటి కూడా రెండు చోట్లా ఒకే పన్నును చూపించదు.

పని రాక సీటు పోయేవాళ్లకంటే, తమ అలవాటు తమకే కనబడక పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. కాగితాల్లోనూ, బెంచ్ దగ్గరా, ఇంటర్వ్యూలోనూ జరిగేది ఇదే.

దారి ఏమిటో మీలో చాలామందికి తెలుసు, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు కావాలంటే డెంటల్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే కోడా సంస్థ గుర్తింపు ఉన్న స్కూలు నుంచి డీడీఎస్ గానీ డీఎండీ గానీ ఉండాలి. ఈ రెండూ పేర్లు వేరైనా ఒకే డిగ్రీ. విదేశీ డెంటిస్టులకు అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సు ఉంటుంది, స్కూలును బట్టి రెండు నుంచి మూడేళ్లు. ఎక్కువ స్కూళ్లకు దరఖాస్తు క్యాపిడ్ పోర్టల్ ద్వారానే వెళుతుంది, అది సాధారణంగా మార్చిలో తెరుచుకుంటుంది. గడువు స్కూలుకొకటి. చాలాచోట్ల దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్టు చూస్తూ ఇంటర్వ్యూలకు పిలుస్తుంటారు. గడువు చివరి రోజున పంపినవాళ్లు అప్పటికే సగం నిండిన గదిలోకి వస్తున్నారన్నమాట.

కాబట్టి కాగితాల పని కనీసం ఏడాది ముందు మొదలవ్వాలి. అందులో మొదటిది మీ పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. బీడీఎస్ డిగ్రీ మీదా అలాగే వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విడిపోయి ఉంటుంది. పెళ్లయ్యాక కొందరికి అదీ మారుతుంది. పరీక్షలకూ దరఖాస్తుకూ వాడే డెంట్‌పిన్ నంబరు తీసుకునేటప్పుడు ఏ పేరు ఇచ్చారో, పరీక్ష జరిగే ప్రోమెట్రిక్ సెంటర్లో చూపించే గుర్తింపు కార్డు మీద అదే పేరు ఉండాలి. సరిపోలకపోతే లోపలికి పంపరు, కట్టిన ఫీజూ పోతుంది. ఈరోజే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, అందులో ఉన్న పేరునే అన్నిచోట్లా వాడతానని నిర్ణయించుకోండి. తేడా ఉన్న సర్టిఫికెట్లకు అఫిడవిట్, మ్యారేజ్ సర్టిఫికెట్ సిద్ధంగా ఉంచుకోండి.

తర్వాత ట్రాన్స్‌క్రిప్టులు. కాలేజీలో దరఖాస్తు పెట్టి, మార్కుల జాబితాలు ధ్రువీకరింపజేసి, విజయవాడ హెల్త్ యూనివర్సిటీ నుంచో వరంగల్ కాళోజీ యూనివర్సిటీ నుంచో విదేశీ చదువులను మదింపు చేసే ఈసీఈకి గానీ వెస్‌కి గానీ నేరుగా పంపించాలి. కవరు మీ చేతికి వచ్చి, మీరు విప్పితే ఇక అది చెల్లదు. విజయవాడ యూనివర్సిటీకి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్ఆర్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ పాత పేరు వచ్చింది. మీ డిగ్రీ మీద ఒక పేరు, ట్రాన్స్‌క్రిప్టు మీద మరో పేరు ఉంటే, రెండూ ఒకే సంస్థ అని తెలిపే లేఖ కూడా జతచేయమని అడగండి. అమెరికాలో కూర్చుని ఫైలు పరిశీలించే మనిషికి మన రాజకీయాలు తెలియవు.

ఐఎన్‌బీడీఈ, అంటే ఇక్కడి జాతీయ డెంటల్ బోర్డు పరీక్ష సంగతి. పాత పార్ట్ వన్, పార్ట్ టూల స్థానంలో 2020 ఆగస్టులో మొదలైన పరీక్ష ఇది. రెండు రోజులు, 500 ప్రశ్నలు. మొదటి రోజు 360, రెండో రోజు 140. ఫలితం పాస్ లేదా ఫెయిల్, పాసైతే మార్కులు చెప్పరు. అంటే ఇందులో ఇతరులకంటే ముందున్నామని చూపించుకునే వీలు లేదు. దీనికోసం రెండేళ్లు గదిలో తలుపేసుకుని చదివి, ఆ రెండేళ్లలో ఒక్క క్లినిక్ గడప తొక్కకపోవడం పెద్ద నష్టం. ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా రాయకండి. 2026 జనవరి నుంచి స్కోరు 1 నుంచి 6 వరకు ఉండే కొత్త స్కేలులో వస్తోంది. మీరు ఎంచుకున్న స్కూలు పాత స్కేలును అడుగుతోందో కొత్తదాన్ని అడుగుతోందో చూసుకోండి.

దరఖాస్తుతో పంపే ఎసేలో చాలామంది చేసే పొరపాటు ఒకటే. చిన్నప్పుడు పన్ను నొప్పి వచ్చింది, డాక్టరు గారు తగ్గించారు, అప్పుడే అనుకున్నాను అని మొదలుపెడతారు. మీరు ఇప్పటికే డెంటిస్టు. డెంటిస్ట్రీ ఎందుకు అన్నది వాళ్లు అడగడం లేదు, మళ్లీ ఎందుకు అని అడుగుతున్నారు. మీరు చేసిన ఒక కేసు, అందులో మీకు అర్థంకాని విషయం, దాన్ని తెలుసుకోవడానికి మీరు చేసిన ప్రయత్నం రాయండి. రికమెండేషన్ లెటర్లలోనూ హోదా కంటే పరిచయం ముఖ్యం. మిమ్మల్ని రెండుసార్లు చూసిన ప్రిన్సిపాల్ గారి లెటర్ కంటే, ఆరు నెలలు పక్కన నిలబెట్టుకుని చూసిన డాక్టరు రాసిన నాలుగు పేరాలు నయం.

ఇక బెంచ్ టెస్టు. అన్ని స్కూళ్లూ పెట్టవు, కానీ పెట్టేచోట దానిదే సింహభాగం. ఎక్కువగా అడిగేవి రెండు. ఒకటి క్లాస్ టూ ప్రిపరేషన్, అంటే పన్ను పైనా పక్కనా ఫిల్లింగ్ కోసం చెక్కడం. రెండోది క్రౌన్ ప్రిపరేషన్, అంటే తొడుగు కోసం చెక్కడం. అదే 14 మీద అమాల్గం, అంటే వెండిరంగు ఫిల్లింగ్ కోసం క్లాస్ టూ చెయ్యమన్నారనుకోండి. 245 బర్, అంటే చెక్కే చిన్న మొన, దాని తల పొడవు 3 మిల్లీమీటర్లు, కొస వెడల్పు 0.8. పన్ను నడిమి గాడి సెంట్రల్ గ్రూవ్ దగ్గర సగం తల దిగితే లోతు ఒకటిన్నర మిల్లీమీటర్లు. అంటే కొలబద్ద మీ చేతిలోనే ఉంది. అక్కడిదాకా అందరూ బాగానే చేస్తారు. చెడేది ప్రాక్సిమల్ బాక్స్ దగ్గర, అంటే పక్క పన్నును ఆనుకున్న వైపు చెక్కే చోట. ప్లాస్టిక్ పన్నుకి గట్టి పైపొర ఎనామెల్ ఉండదు. నిజం పన్నులో ఎనామెల్ దాటగానే చేతికి తెలుస్తుంది, ఇక్కడ ఏమీ తెలియదు. బర్ వెన్నలో దిగినట్టు దిగి, పక్కనున్న 13 మీద గీత పెట్టేస్తుంది. పక్క పన్ను దెబ్బతింటే మిగతాదంతా ఎంత అందంగా ఉన్నా లాభం లేదు. అందుకని పక్క పన్నుకీ బర్‌కీ మధ్య సన్నని పొర వదిలిపెట్టి దిగండి. ఆఖరున ఆ పొరను చేతి పరికరంతో విరవండి. పక్క పన్నుకీ అంచుకీ మధ్య ఎడం అర మిల్లీమీటరుకు మించకూడదు. ప్రోబ్, అంటే పన్ను పరీక్షించే సన్నని పరికరం, దాని కొస దూరితే చాలు.

క్రౌన్‌కి వద్దాం. కింది మోలార్‌లో ఫంక్షనల్ కస్ప్, అంటే నమిలేటప్పుడు ఎదురు పన్నును తాకే కొమ్ము, బయటివైపు, అంటే బుగ్గవైపు ఉంటుంది. ఫుల్ మెటల్ క్రౌన్‌కైతే అక్కడ ఒకటిన్నర, రెండోవైపు ఒక మిల్లీమీటరు తగ్గించాలి. పైభాగం సమంగా తగ్గించి, ఫంక్షనల్ కస్ప్ బెవెల్, అంటే ఆ కొమ్మును వాలుగా చెక్కడం, మరిచిపోతారు. సరిగ్గా అక్కడే క్రౌన్ పలచబడి చిల్లు పడుతుంది. మొదలుపెట్టకముందే పుట్టీ ఇండెక్స్, అంటే పన్ను అసలు ఆకారపు అచ్చు తీసి మధ్యకు కోసి పెట్టుకోండి, ఎంత తగ్గిందో ప్రోబ్‌తో కొలవచ్చు. అండర్‌కట్, అంటే క్రౌన్ దిగకుండా అడ్డుపడే లోపలి గుంట, చూసేటప్పుడు ఒక కన్ను మూసుకుని, 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూడండి. రెండు కళ్లతో దగ్గరగా చూస్తే, ఉన్న అండర్‌కట్ కూడా లేనట్టే కనిపిస్తుంది. ఇంకో మాట, కొన్ని స్కూళ్లలో బర్‌ను తిప్పడానికి ఎలక్ట్రిక్ హ్యాండ్‌పీస్ ఇస్తారు. గాలితో తిరిగే మన ఎయిరోటార్ ఒత్తిడి పెడితే నెమ్మదిస్తుంది, ఇది నెమ్మదించదు, కోసుకుంటూనే పోతుంది. వీలుంటే ముందే ఒక వారమైనా చేతికి అలవాటు చేసుకోండి.

పని అయిపోయాక కొన్నిచోట్ల మీ పని మీద మీ అభిప్రాయం అడుగుతారు. అక్కడ చాలామంది బాగానే వచ్చిందండీ అంటారు. ఎగ్జామినర్ చేతిలో ఆ పన్ను ఉంది, టేపర్, అంటే చెక్కిన గోడల వాలు, ఎక్కువైందని ఆయనకు తెలుసు. మీకూ తెలుసా లేదా అన్నదే ఆ ప్రశ్న. ‘లింగ్వల్ వైపు, అంటే నాలుకవైపు టేపర్ ఎక్కువైంది, బర్ వాలింది, మళ్లీ చేస్తే అటువైపు అద్దంలో చూస్తూ చేస్తాను’ అని చెప్పగలిగినవాళ్ల తప్పును దిద్దవచ్చని వాళ్లకు నమ్మకం కలుగుతుంది.

ఇంటర్వ్యూ కూడా ఇదే. కొన్ని స్కూళ్లలో ఇద్దరు ముగ్గురు కూర్చుని మాట్లాడతారు. కొన్నింటిలో ఎంఎంఐ, అంటే వరుసగా చిన్న చిన్న ఇంటర్వ్యూల పద్ధతి ఉంటుంది, కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో పుట్టినది. గది తలుపు మీద ఒక సందర్భం రాసి ఉంటుంది. చదవడానికి రెండు నిమిషాల వ్యవధి, లోపల ఆరో ఏడో నిమిషాలు, బెల్లు కొట్టగానే తర్వాతి గది.

ఒక సందర్భం చూద్దాం. రూట్ కెనాల్‌తో నిలిచే పన్నును పేషెంట్ తీసేయమంటున్నాడు, ఏం చేస్తారు? మన దగ్గర నుంచి వచ్చినవాళ్ల మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ ‘నచ్చజెప్పి రూట్ కెనాల్ చేస్తాను’ అనే. ఆ జవాబులో పేషెంట్ లేడు. ముందు ఎందుకని అడగాలి. డబ్బు లేకనా, భయమా, సెలవు దొరకదా? తర్వాత ఉన్న మార్గాలు, ఒక్కోదాని ఖర్చు, తీసేస్తే ఏమవుతుందో చెప్పాలి. అన్నీ అర్థమయ్యాక కూడా తీయమంటే, అది అతని నిర్ణయం, దాన్ని రాసిపెట్టుకోవాలి. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ నీతి నియమావళిలో ఐదు సూత్రాల్లో మొదటిది ఇదే, పేషెంట్ స్వయంనిర్ణయం. సూత్రం పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు, జవాబులో అది కనబడాలి.

మాటల విషయం కూడా చెప్పాలి. 2018లో ‘పాస్డ్ అవుట్’ అయ్యానంటే ఇక్కడ స్పృహ తప్పి పడిపోయానని అర్థం. గ్రాడ్యుయేట్ అయ్యాను అనండి. ‘డౌట్’ ఉందంటే మీ మాట మీద అనుమానం ఉందన్నట్టు వినబడుతుంది. ఎక్స్‌రేలకు ఐఓపీఏ కాదు పీఏ, ఓపీజీ కాదు పానో, ఎయిరోటార్ కాదు హ్యాండ్‌పీస్. అన్నిటికంటే పెద్ద చిక్కు ‘మేము’. క్యాంపులో మేము చేశాం, కాలేజీలో మేము చూశాం అంటాం, అది మన మర్యాద. వినేవాళ్లకు మాత్రం మీరు చేసిందేమిటో తెలియదు. మీరు తీసిన పన్నులు పాతికైతే పాతిక అనే చెప్పండి.

ఒక హెచ్చరిక. తెలిసినవాళ్ల క్లినిక్‌లో షాడోయింగ్ చేస్తూ సాయానికి రెండు ఫిల్లింగులు చేశానని గర్వంగా చెప్పేవాళ్లున్నారు. లైసెన్సు లేకుండా అది నేరం. షాడోయింగ్ అంటే చూడటమే. జీవిత భాగస్వామి వీసా వల్ల వచ్చే హెచ్4 మీద ఉండి వర్క్ పర్మిట్ లేనివాళ్లు జీతానికి అసిస్టెంట్‌గా కూడా పనిచేయకూడదు. మధ్యలో ఖాళీ ఏళ్లుంటే దాచకండి. పాపను పెంచాను, ఆ మూడేళ్లలో ఫలానా కోర్సులు చేశాను అని రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లండి. సాగదీస్తే క్షమాపణలా వినబడుతుంది.

డబ్బు సంగతి సీటు వచ్చాక కాదు, దరఖాస్తుకు ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఫీజు ఏడాదికి లక్ష డాలర్లు దాటిన స్కూళ్లున్నాయి. సీటు ఖాయం చేసుకోవడానికి తిరిగిరాని డిపాజిట్ తక్కువ గడువులో కట్టమంటారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కూడా గమనించాలి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోన్ ఉండదు, ఇలాంటి కోర్సులకు ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేలు, మొత్తం 2 లక్షల డాలర్లకే పరిమితం. వీసా మీద ఉన్నవాళ్లకు ప్రైవేటు లోన్, దానికి చాలాచోట్ల పూచీకత్తు. అడగాల్సినవాళ్లను ఇప్పుడే అడగండి.

టైపోడాంట్లు, అంటే ప్లాస్టిక్ పళ్ల నమూనాలు తెచ్చుకున్నవాళ్లు వాటిని ఈ ముందు బల్ల మీద పెట్టండి. మీ పన్ను పక్కన ఒక కాగితం మీద, అందులో మీకు కనబడిన తప్పులు రాయండి. పది నిమిషాల తర్వాత ముందు పన్ను చూస్తాం, ఆపైన కాగితం తిప్పి చదువుతాం.