తలంబ్రాల జాకెట్టు

శ్రోతలకు నమస్కారం.

మాఘమాసం వచ్చిందంటే మా కోనసీమలో టైలరు దుకాణాల ముందు చెప్పులు గుట్టపడతాయి. లోపల పెళ్లికూతురు, వాళ్లమ్మ, పిన్ని, మేనత్త అందరూ ఒక్క ఫోను మీదకి వంగి ఉంటారు. బోట్ నెక్కా, కుండ నెక్కా? మోచేతి దాకా చేతులా, బుట్ట చేతులా? ఆ బుట్ట చేతులు 1950ల నాటి సినిమాల్లో చూసినవేనండి, పోయి మళ్లీ వచ్చాయి. నాకూ ముద్దుగానే ఉంటాయి గానీ, వాటి మీద వంకీ పెడితే బుట్ట కాస్తా నలిగిపోతుంది. వంకీ పెట్టుకునే పిల్లకి సాదా చేతులే నయం. చర్చి పెళ్లికి తెల్లచీర కట్టేవాళ్లయితే, చేతులకి మన నరసాపురం లేసు వేయించుకోవచ్చు. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిందిగా దానికి. కన్నాల అల్లిక కాబట్టి ఉక్కపోతలోనూ గాలాడుతుంది.

ఇక మగ్గం వర్కు. గుడ్డని చట్రానికి బిగించి, మెడ గీత గీసి, ఆ గీత చుట్టూ జరీ, పూసలు కుట్టాకే జాకెట్టు కత్తిరిస్తారు. మెడ లోతెంతో పని మొదలవకముందే తేలిపోవాలి. అయ్యాక "అమ్మో, లోతైపోయింది" అంటే చేసేదేమీ లేదు.

అందుకే పాలకొల్లు వైపు ఒక టైలరమ్మ పద్ధతి మీకు చెప్పాలి. ఆవిడ ముందు లైనింగు గుడ్డతో ఒట్టి జాకెట్టు కుట్టి తొడుగుతుంది. అద్దం ముందు నిలబెట్టదు, పీట వేసి కూర్చోబెడుతుంది. తువ్వాలు మెలితిప్పి వీపు మీద వేలాడదీస్తుంది. అదే పూలజడ. "ఇప్పుడు చెప్పండమ్మా, వెనక మీ డిజైను ఎంత కనబడుతోంది?" అని తల్లినడుగుతుంది. సగం జడ కిందకి పోయింది!

తర్వాత ఎదురుగా స్టూలు వేసి, దాని మీద కుట్టుమిషను మూత పెడుతుంది. "ఇదిగో, వీడే పెళ్లికొడుకు. తలంబ్రాలు పొయ్యి" అని పిల్ల చేతికి ఖాళీ పళ్లెం ఇస్తుంది. అబ్బాయి బాగా పొడగరి అంటే ఆ స్టూలు మీదకి ఇంకో స్టూలు చేరుతుంది. పిల్ల నవ్వుకుంటూ చేతులెత్తుతుంది. ఎత్తగానే చంక దగ్గర పట్టేస్తుంది. జాకెట్టు అంచు పైకి జరుగుతుంది. వెడల్పు మెడ ఒక భుజం మీంచి జారుతుంది. టైలరమ్మ మాట్లాడకుండా సుద్దముక్కతో అక్కడక్కడా గీతలు పెడుతుంది.

చాలామంది జాకెట్టు చంక కోతని దిగువకి తీయిస్తే చెయ్యి బాగా ఆడుతుందనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. చంక దిగితే చెయ్యితోపాటు జాకెట్టంతా లేస్తుంది. చంక పైకుంటే చెయ్యి ఒక్కటే లేస్తుంది.

ఇంకో సంగతి. జీలకర్ర బెల్లం అయ్యాక చాలా ఇళ్లలో పెళ్లికూతురు పట్టుచీర మార్చి మధుపర్కాలు కట్టుకుని వస్తుంది. తెల్లచీర, ఎర్రంచు, ఎర్ర జాకెట్టు. మూడు ముళ్లు పడేది అందులోనే, తలంబ్రాలు పోసేదీ అందులోనే. మరి వేలకి వేలు పోసి కుట్టించిన మగ్గం జాకెట్టు ఎక్కడుంది? గదిలో మంచం మీదుంది! ఆ ఎర్రదేమో ఎవరికీ పట్టదు, చివరి వారంలో ఎవరో ఒకరు పాత కొలతలిచ్చి కుట్టిస్తారు. ఫొటోల్లో నిలిచేది అదేనండి, నామాట వినండి.

ఆ ఎర్ర జాకెట్టుకి వెనక మెడ మరీ లోతు వద్దు. తాళ్లు, వాటికి వేలాడే పూసలు అసలే వద్దు. పెళ్లికొడుకు చేతులు తిరిగేది సరిగ్గా అక్కడే, పసుపుతాడు పూసల్లో చిక్కుకుంటుంది. గుడ్డ నూలుదైతే మంచిది. తొడిగి కూర్చుని చూడండి, చెయ్యెత్తి చూడండి.

పెళ్లి కుదిరిన నాటికీ ముహూర్తానికీ మధ్య పిల్ల కాస్త చిక్కొచ్చు, లేదా చుట్టాలు తెచ్చిన సున్నుండలకీ ఆత్రేయపురం పూతరేకులకీ ఒళ్లు చెయ్యొచ్చు. పక్క కుట్లలో రెండువైపులా అంగుళం గుడ్డ లోపలికి వదలమని టైలరుకి ముందే చెప్పండి. ఉంటానండి.