మట్టి ముంతలో టీ

శ్రోతలకు నమస్కారం.

పూనాలో తెల్లదొరల క్రికెట్ క్లబ్బు అది. నెలకు 4 రూపాయల జీతానికి అక్కడొక కుర్రాడు పనిచేసేవాడు. పిచ్ ఊడవాలి, రోలర్ లాగాలి, నెట్లు కట్టాలి. దొరలకు ప్రాక్టీసు కావాలి గనక బంతి కూడా వెయ్యమన్నారు. ఎడమచేతి స్పిన్. అక్కడి మేటి బ్యాట్స్‌మన్ గ్రెగ్, తనను ఔట్ చేసినప్పుడల్లా ఆ కుర్రాడికి అర్ధరూపాయి ఇచ్చేవాడని చెబుతారు. గంటల తరబడి బంతులు వేయించుకున్న ఆ క్లబ్బువాళ్లు అతని చేతికి బ్యాటు మాత్రం ఇవ్వలేదు.

ఆ కుర్రాడే పల్వంకర్ బాలూ. 1876లో ధార్వాడలో, చర్మకారుల కులంలో పుట్టారు. తండ్రిది సైన్యంలో కొలువు. తమ్ముళ్లు శివరాం, గణపత్, విఠల్. సైనికాధికారులు పారేసిన బ్యాట్లూ బంతులతో ఆట నేర్చుకున్న అన్నదమ్ములు వీళ్లు.

బాలూ బౌలింగ్ చూశాక పూనాలోని హిందూ క్లబ్బు ఆయన్ని జట్టులోకి తీసుకుంది. తెల్లవాళ్లను ఓడించాలంటే ఆయన కావాలి మరి. కానీ టీ వేళకు తోటి ఆటగాళ్లు పెవిలియన్ లోపల పింగాణీ కప్పుల్లో తాగుతుంటే, బాలూకి బయట, మట్టి ముంతలో పోసేవారు. భోజనం వేరే పళ్లెంలో, విడిగా. ఆయన చెమట అంటిన బంతిని మాత్రం అందరూ పట్టుకున్నారు, అందరూ విసిరారు. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నా మనసు ఆ బంతి దగ్గరే ఆగిపోతుంది.

తర్వాత ఆయన బొంబాయి చేరి హిందూ జింఖానాకు ఆడారు. అప్పట్లో బొంబాయి పోటీల్లో జట్లు మతం, జాతి వారీగా ఉండేవి. 1906లో హిందువుల జట్టు యూరోపియన్ల జట్టును 109 పరుగుల తేడాతో ఓడించింది. ఆ గెలుపులో బాలూ వికెట్లదే పెద్ద వాటా. అప్పటికే ఆయనకు దాదాపు ముప్ఫై ఏళ్లు. ఫస్ట్‌క్లాస్, అంటే పెద్దస్థాయి మ్యాచ్‌ల లెక్కల్లో ఆయనకు కనిపించేది 33 మ్యాచ్‌లు, 179 వికెట్లు, వికెట్‌కు సగటున 15 పరుగుల పైచిలుకు. పాతికేళ్ల వయసులో వేసిన బంతులు ఆ లెక్కల్లో లేవు.

1911లో పటియాలా మహారాజు నాయకత్వంలో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. 23 మ్యాచ్‌ల్లో గెలిచినవి 6. ఎక్కువ ఓడిన ఆ పర్యటనలోనే బాలూ ఒక్కరే 114 వికెట్లు తీశారు. తమ్ముడు శివరాం కూడా ఆ జట్టులో ఉన్నారు. తిరిగొచ్చాక బొంబాయిలో దళితులు బాలూకు సన్మానం చేశారు. అందులో అంబేడ్కర్ అనే కాలేజీ విద్యార్థి పాలుపంచుకున్నారు. ఆ ఇద్దరే 1937 ఎన్నికల్లో ఎదురెదురుగా నిలిచారు. బాలూ కాంగ్రెస్ తరఫున పోటీచేసి, సుమారు 2 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు.

ఇంత చేసినా హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు ఇవ్వలేదు. ఆటలో తక్కువై కాదు, కులం అడ్డొచ్చి. 1920 బొంబాయి పోటీల్లో ఏకంగా జట్టులోంచే తప్పించారు. శివరాం, విఠల్ ఊరుకోలేదు. మేమూ ఆడం అని తప్పుకుని, కారణమేమిటో పత్రికల్లో బహిరంగంగా చెప్పారు. అన్న కోసం తమ్ముళ్లు పట్టిన ఆ పట్టు నాకు 114 వికెట్ల కన్నా గొప్పగా తోస్తుంది. ఆ పోటీల్లోనే తర్వాతి మ్యాచ్‌కు బాలూను వెనక్కి పిలిచి వైస్ కెప్టెన్‌ను చేశారు. కెప్టెన్ పాయ్ మైదానం వీడినప్పుడు కాసేపు జట్టును నడిపే అవకాశం దక్కింది. ఆయనకు దక్కిన నాయకత్వం అంతే.

మూడేళ్లకు, 1923లో, కెప్టెన్‌గా విఠల్‌ను ఎంచుకున్నారు. తర్వాత భారత తొలి టెస్టు కెప్టెన్ అయిన మన సి.కె. నాయుడు అడుగుపెట్టి ఏడేళ్లయిన హిందూ జట్టు అది. ఆ ఏడాది పోటీల కప్పు హిందువులదే. ఆట ముగియగానే జనం మైదానంలోకి దూసుకొచ్చారు. బాలూను పక్కన కూర్చుని టీ తాగనివ్వని కులాల కుర్రాళ్లే, ఆయన తమ్ముణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు.