రికార్డు ప్లేయర్ పక్కన స్ట్రీమర్: ఏది ఎక్కడ కలపాలి

(హన్మకొండలో పాత రికార్డుల అభిమానుల మధ్య చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మన హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో ఎల్పీ రికార్డులు పదిలంగా దాచుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్లలో మంచి స్పీకర్లు పెద్దవాళ్ల గదిలో ఉంటాయి, పాటలేమో పిల్లల ఫోన్లలో ఉంటాయి. "మీ స్పీకర్లలో మా పాటలు రావా?" అని పిల్లలు అడుగుతారు. వస్తాయి. రావాలి కూడా. ఏటా బతుకమ్మకు వచ్చే కొత్త పాటలు ఎల్పీ మీద వస్తాయని ఎంతకాలం ఎదురుచూస్తాం? కాబట్టి స్ట్రీమింగ్ పెట్టుకుందాం, అంటే ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చి ఆంప్లిఫయర్‌కి అందించే స్ట్రీమర్ అనే చిన్న పెట్టె పెట్టుకుందాం. కానీ దాని కోసం రికార్డు దారిని మాత్రం కదిలించొద్దు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇంటికి వెళ్లాక ఆంప్లిఫయర్ వెనక ఒకసారి చూడండి. ఫోనో అని ఒక సాకెట్ ఉంటుంది. ఆక్స్, ట్యూనర్, టేప్, సీడీ అని మిగతావి ఉంటాయి. రికార్డు మీద ఆనే సూది ఉండే భాగమే కార్ట్రిడ్జ్. మనం ఎక్కువగా వాడే మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ ఇచ్చే సిగ్నల్ సుమారు 5 మిల్లీవోల్టులే. పైగా రికార్డు కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. అలా చేయకపోతే గాడులు మరీ వెడల్పై, ఒక వైపు పట్టే పాటలు తగ్గిపోతాయి. తగ్గించినదాన్ని పెంచి, పెంచినదాన్ని తగ్గించి మనకు అసలు పాటను తిరిగి ఇచ్చేది ఫోనో సర్క్యూట్. ఎంత పెంచాలి, ఎంత తగ్గించాలి అన్న లెక్కను అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ 1954లో ఖాయం చేసింది. ఇప్పటికీ అదే నడుస్తోంది.

స్ట్రీమర్ నుంచి వచ్చేది దాదాపు 2 వోల్టులు. అంటే కార్ట్రిడ్జ్ ఇచ్చేదానికి నాలుగు వందల రెట్లు. దాన్ని ఫోనోలో గుచ్చితే పాట చితికిపోతుంది, బేస్ చెవులు దద్దరిల్లేలా మోగుతుంది. స్ట్రీమర్ వెళ్లాల్సింది ఆక్స్‌లోకి. ఆక్స్ ఖాళీ లేకపోతే ట్యూనర్‌లోకో, టేప్ ఇన్‌పుట్‌లోకో ఇవ్వొచ్చు.

డెబ్భైల్లో, ఎనభైల్లో కొన్న ఆంప్లిఫయర్లు ఉన్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా వినండి. వాటిలో చాలావాటికి వెనక ఐదు రంధ్రాల గుండ్రటి డిన్ సాకెట్ ఉంటుంది. డిన్ నుంచి ఆర్‌సీఏకి, అంటే ఎడమ కుడిలకు విడివిడిగా ఉండే మామూలు ఆడియో పిన్నులకి, మార్చే కేబుల్ దొరుకుతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఆ కాలపు ఆంప్లిఫయర్లు పావు వోల్టు ఇస్తే చాలు, పూర్తిగా పలికేలా తయారయ్యాయి. వాటికి 2 వోల్టులు ఇస్తే వాల్యూమ్ నాబ్ తిప్పీ తిప్పకముందే ఇల్లు అదిరిపోతుంది. సన్నగా వినాలంటే నాబ్‌ని వెంట్రుకవాసి కదపాలి, అక్కడ ఎడమ కుడి స్పీకర్లు సమానంగా పలకవు. కొన్ని స్ట్రీమర్ల యాప్‌లో అవుట్‌పుట్ వోల్టేజీ తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. లేకపోతే కేబుల్‌కి మధ్యలో పెట్టే, సిగ్నల్‌ని తగ్గించే చిన్న అటెన్యుయేటర్ కొనుక్కోండి. నాబ్ రికార్డుకి ఎక్కడ ఉంటుందో స్ట్రీమింగ్‌కీ దాదాపు అక్కడే ఉండేలా చూసుకుంటే, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు ఉలిక్కిపడే పని ఉండదు.

బ్లూటూత్ చాలదా అని అడుగుతారు. నేపథ్యంలో ఏదో మోగుతూ ఉంటే చాలనుకుంటే బ్లూటూతే చాలు. కానీ అందులో పాట మరోసారి కుదించుకుని వస్తుంది, ఫోన్ మోగితే ఆగిపోతుంది. వైఫై స్ట్రీమర్‌లో స్పాటిఫై కనెక్ట్ లాంటి పద్ధతి వాడితే పాట నేరుగా స్ట్రీమర్‌కే వస్తుంది, ఫోన్ రిమోట్‌గా మాత్రమే ఉంటుంది. 320 కేబీపీఎస్‌లో, అంటే సెకనుకు 320 కిలోబిట్లతో, గంట వింటే దాదాపు 144 ఎంబీ డేటా అవుతుంది. సీడీ నాణ్యత అంటే సెకనుకు 1,411 కిలోబిట్లు, గంటకు 635 ఎంబీ. ఫ్లాక్ అనే ఫైల్ రకంలో ఏమీ పోగొట్టకుండా కుదిస్తారు కాబట్టి అంతకంటే బాగా తక్కువే పడుతుంది. పాత ఇళ్ల మందపాటి గోడల్లో వైఫై అందకపోతే లాన్ కేబుల్ లాగండి, అంతకు మించిన మందు లేదు.

రౌటర్‌నీ, స్ట్రీమర్ అడాప్టర్‌నీ టర్న్‌టేబుల్‌కి ఆనించి పెట్టొద్దు. ఐదు మిల్లీవోల్టుల సిగ్నల్‌ని వందల రెట్లు పెంచే చోట పక్కనున్న గరగర కూడా పెరుగుతుంది. కొత్త పెట్టె పెట్టాక హమ్, అంటే గుయ్‌మనే మోత, మొదలైతే ముందు దాన్ని దూరం జరపండి, తర్వాత టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు బిగువుగా ఉందో లేదో చూడండి.

కొన్ని స్ట్రీమర్లకు లైన్ ఇన్‌పుట్ కూడా ఉంటుంది. "రికార్డు ప్లేయర్‌ని దీని గుండా పంపండి, అన్ని గదుల్లో వినండి" అంటారు. అలా చేస్తే గాడిలోంచి వచ్చిన సిగ్నల్ డిజిటల్‌గా మారి, మళ్లీ అనలాగ్ అవుతుంది. వేరే గదిలో వినాలనుకుంటే సరే. స్పీకర్ల ముందు కూర్చుని వినే మనిషికి అది అక్కర్లేదన్నది నా గట్టి అభిప్రాయం.

స్ట్రీమింగ్‌లో నాకు బాధ కలిగించేది ఒకటుంది. పాత తెలుగు పాటల వివరాలు. అరవైల నాటి పాటకి యాప్‌లో అప్‌లోడ్ చేసిన సంవత్సరమో, మళ్లీ విడుదల చేసిన సంవత్సరమో కనిపిస్తుంది. గాయకుడి పేరుంటుంది, రాసినవారి పేరు చాలాసార్లు ఉండదు. మీ దగ్గరున్న ఎల్పీ అట్ట వెనక ఆ పేర్లన్నీ ఉన్నాయి. అట్టలు చిరిగాయని పారేయకండి, పిల్లలు యాప్‌లో పాట పెట్టినప్పుడు ఆ అట్ట వాళ్ల చేతికివ్వండి. అలాగే ఆటోప్లే ఆపేయండి. ఆల్బమ్ అయిపోగానే మనం అడగని పాట మొదలైతే, విన్నదాని రుచి అక్కడికక్కడే పోతుంది.

ఇక రెండింట్లో ఏది బాగుంటుంది? ఒకే పాటైనా రెండు చోట్లా మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు శబ్దాన్ని చివరిసారి సరిదిద్దే పని, వేరుగా ఉండొచ్చు. యాప్‌లో ఉన్నది తర్వాత రీమాస్టర్ చేసినదైతే, గట్టిగా వినిపించేలా నొక్కేసి ఉండొచ్చు. అప్పుడు మనకు వినిపించే తేడా రికార్డుదీ కాదు, స్ట్రీమింగ్‌దీ కాదు, ఆ మాస్టర్‌ది. పైగా శబ్దం కొంచెం ఎక్కువున్నదే చెవికి మేలుగా తోస్తుంది. అందుకే ఇక్కడ రెండింటి శబ్దాన్నీ ముందే మీటర్‌తో కొలిచి సమానం చేశాను. ఒకే పాటని రెండు దారుల్లో వినిపిస్తాను. ఏది ఏదో పాట అయ్యాకే చెబుతాను, అప్పటిదాకా మీకు నచ్చినదాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి.