'ఫార్మాట్ చేసెయ్' అనే ముందు

అందరికీ నమస్కారం. నన్ను పిలిచిన మిత్రులకు, ఈ ప్రొజెక్టర్ కోసం పొద్దుటి నుంచీ తంటాలు పడిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు. వేదిక మీద ఉన్న పెద్దలందరి పేర్లూ చదవను, మన్నించాలి. నాకిచ్చింది ముప్పావు గంట.

కరపత్రంలో నా అంశం 'యునిక్స్ తరహా సిస్టమ్‌లలో యూఎస్‌బీ స్టోరేజ్ సమస్యలు, పరిష్కారాలు' అని వేశారు. స్లైడ్లు కూడా ఆ వరసలోనే చేసుకొచ్చాను. కానీ నేను నిజానికి వచ్చింది ఒక్క మాట చెప్పడానికి. పెన్‌డ్రైవ్ కనబడటం లేదనో, హార్డ్ డిస్క్ తెరుచుకోవడం లేదనో ఎవరైనా అనగానే పక్కవాళ్ల నోట వచ్చే మొదటి మాట ఏమిటి? 'ఫార్మాట్ చేసెయ్.' కాస్త తెలిసినవాళ్లయితే 'ఎఫ్ఎస్‌చెక్ కొట్టు' అంటారు, అంటే డిస్కులో ఫైళ్లు పేర్చి ఉన్న పద్ధతిని, ఫైల్ సిస్టమ్‌ని, తనిఖీ చేసి సరిచేసే కమాండు. ఆ మాట నేనూ అన్నాను, చేసి చూపించాను కూడా. దానివల్ల ఏం పోయిందో కాసేపట్లో చెప్తాను.

ముందు, డ్రైవ్ పెట్టగానే లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పోర్టులో ఏదో తగిలిందని ముందుగా హబ్ గమనిస్తుంది. ఏ వేగంతో మాట్లాడుకోవాలో తేలుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ దానికొక నంబరు ఇచ్చి, 'నువ్వెవరు?' అని అడుగుతుంది. అది తన డిస్క్రిప్టర్ పంపిస్తుంది. తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య, తాను ఏ తరగతి పరికరమో అన్నీ అందులో ఉంటాయి. స్టోరేజ్ తరగతి సంఖ్య 8. అది చూసి లినక్స్‌లో పాత పద్ధతి యూఎస్‌బీ-స్టోరేజ్ గానీ, వేగమైన కొత్త పద్ధతి యూఏఎస్ గానీ డ్రైవర్‌గా వచ్చి కూర్చుంటుంది. రెండూ డిస్కులతో మాట్లాడే పాత భాష, స్కజీ కమాండ్లతోనే మాట్లాడతాయి కాబట్టి మనకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు కనిపిస్తాయి. మరో యునిక్స్ తరహా సిస్టమ్ ఓపెన్‌బీఎస్‌డీలో యూమాస్ అని వచ్చి, దాని కింద ఎస్‌డీ1 లాంటి పేరు వస్తుంది. అలాంటిదే ఫ్రీబీఎస్‌డీలో డీఏ0. ఆ తర్వాత డిస్క్ ఏయే భాగాలుగా ఉందో చెప్పే పార్టిషన్ టేబుల్, దాని తర్వాత ఫైల్ సిస్టమ్, చిట్టచివర మౌంట్, అంటే ఫైళ్లు మనకు కనబడేలా తగిలించడం.

మీకు 'కనబడటం లేదు' అనిపించేది ఆ చివరి మెట్టు దగ్గర. తెగింది మాత్రం ఏ మెట్టు దగ్గరైనా కావచ్చు. ఫార్మాట్ అనేది ఒక్క ఫైల్ సిస్టమ్ మెట్టుకే వర్తిస్తుంది. కింద కేబుల్ తెగి ఉంటే పైన ఫార్మాట్ ఎందుకు పనిచేస్తుంది చెప్పండి?

ఎక్కడ తెగిందో కెర్నెల్ చెబుతూనే ఉంటుంది. కెర్నెల్ సందేశాలు చూపే కమాండు డీమెసేజ్, దానికి హైఫన్ డబ్ల్యూ చేర్చి నొక్కి, ఆ తర్వాత డ్రైవ్ పెట్టండి. వరసలు ఒక్కొక్కటే వస్తాయి, తీరిగ్గా చదవండి. ఒక్క వరస కూడా రాలేదంటే ఫైల్ సిస్టమ్ గురించి ఆలోచించే పనే లేదు, కరెంటో, వైరో, పోర్టో చూడాలి. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి, డేటా తీగలే ఉండవు. లైటు వెలుగుతుంది, డిస్క్ తిరుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం ఏమీ తెలియదు. 'డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ మైనస్ 71' అని వస్తే మాటలు వినబడుతున్నాయి గానీ అర్థం కావడం లేదని. మైనస్ 110 అంటే అడిగినదానికి గడువులోగా జవాబు రాలేదని. ఈ రెండూ చాలాసార్లు కేబుల్ దగ్గరో, పవర్ దగ్గరో తేలతాయి. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ఒక పోర్టుకి 500 మిల్లీఆంపియర్లు, 3.0 ప్రమాణం 900 అంటుంది. తిరిగే డిస్క్ మొదలయ్యే ఆ క్షణంలో ఎక్కువ లాగుతుంది. సొంత కరెంటు లేని హబ్‌కి రెండు డిస్కులు తగిలిస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఇక్కడ నా రెండో స్లైడ్ రావాలి. దాన్ని పక్కన పెడుతున్నాను. ఇదిగో, ఈ కేబుల్ చూడండి. వెనక వరసలవాళ్లకి కూడా కనబడుతోందా? చూడటానికి ఏ లోపమూ లేదు. ఒంపు లేదు, చీలిక లేదు. దీన్ని నేను పారేయలేదు.

నాకొక స్నేహితురాలు ఉన్నారు, పక్షుల మీద పరిశోధన చేస్తారు. మూడేళ్ల పాటు తెల్లవారకముందే లేచి పక్షుల కూతలు రికార్డు చేశారు. రికార్డర్‌లోని కార్డు నిండినప్పుడల్లా అన్నీ ఒక 2 టెరాబైట్ల డిస్కులోకి ఎక్కించి, కార్డు ఖాళీ చేసుకునేవారు. ఒక రోజు ఆ డిస్క్ తెరుచుకోలేదు. కొన్ని ఫోల్డర్లు వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. నాకు లినక్స్ బాగా వచ్చని నా దగ్గరికి తెచ్చారు.

నేను లాగ్, అంటే ఆ కెర్నెల్ సందేశాలు, చూశాను. నిజంగా చూశాను. 'రీసెట్ హై-స్పీడ్ యూఎస్‌బీ డివైస్', అంటే పరికరాన్ని మళ్లీ మొదలుపెట్టాను అన్న వరస పదిసార్లు ఉంది. చూసి, డిస్క్ పాడైపోయింది, ఫైల్ సిస్టమ్ చెదిరింది అనుకున్నాను. అన్‌మౌంట్ చేసి ఎఫ్ఎస్‌చెక్ మొదలుపెట్టాను. ప్రతి ప్రశ్నకీ వై కొట్టే ఓపిక ఎవరికుంటుంది అని హైఫన్ వై కూడా ఇచ్చాను. అంటే నువ్వేం అడిగినా నా జవాబు అవును అని ముందే సంతకం పెట్టి ఇచ్చినట్టు.

అప్పుడు తెర మీద ఏం వచ్చిందో నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది. ఫలానా బ్లాక్ చదవలేకపోయాను. ఈ తప్పు వదిలేయనా? యస్. ఆ బ్లాక్‌ని బలవంతంగా తిరగరాయనా? యస్. మళ్లీ ఇంకో బ్లాక్. వదిలేయనా? యస్. తిరగరాయనా? యస్. అడిగేదీ అదే, జవాబిచ్చేదీ అదే. నేను పక్కన కూర్చుని, మరమ్మతు బాగా జరుగుతోందని ఆవిడకి ధైర్యం చెబుతున్నాను.

ఆ 'తిరగరాయనా' అన్న ప్రశ్నకి అర్థం ఏమిటో చూడండి. చదవడం కుదరని చోట ఏముందో దానికి తెలియదు. తెలియని చోట రాసేస్తుంది. రాసిన తర్వాత అంతకుముందు అక్కడేముందో ఇక ఎవరికీ తెలియదు. అలా పోయినవాటిలో డైరెక్టరీ బ్లాకులు ఉన్నాయి. అంటే ఫైళ్ల పేర్లు ఉండే చోటు. పేరు పోయిన ఫైళ్లన్నిటినీ లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లోకి తోసింది. తెరిచి చూస్తే అన్నీ నంబర్లు. ఏ రోజు, ఏ చోట, ఏ వేళ, ఏ పక్షి అన్నది ఆవిడ ఫైల్ పేరులోనే రాసుకునేవారు. ఇప్పుడు కూతలు ఉన్నాయి, ఎవరివో తెలియదు.

మర్నాడు నేను మరో కేబుల్‌తో, కంప్యూటర్ వెనక పోర్టుకి తగిలించి చూశాను. ఒక్క రీసెట్ రాలేదు. డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్‌తో చూస్తే చెడ్డ సెక్టారు ఒక్కటి కూడా లేదు. డిస్క్ శుభ్రంగా ఉంది. తప్పంతా ఈ కేబుల్‌ది. అది కూడా లాగ్‌లోనే ఉంది, అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఆ డిస్క్ యూఎస్‌బీ 3.0ది, 'సూపర్-స్పీడ్' అని రావాలి. 'హై-స్పీడ్' అని వచ్చింది. హై-స్పీడ్ అంటే 2.0 వేగం, సెకనుకి 480 మెగాబిట్లు. 3.0 కేబుల్‌లో వేగానికి అదనపు తీగలు ఉంటాయి, అవి సరిగా తగలకపోతే పాత తీగల మీదికి దిగిపోతుంది. ఎల్ఎస్‌యూఎస్‌బీ హైఫన్ టీ అని నొక్కి ఉంటే 5000 ఉండాల్సిన చోట 480 కనబడేది. ఒక్క కమాండు. నేను నొక్కలేదు.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు.

అందుకే బతిమాలుతున్నాను, మీరు ఎవరికైనా సాయం చేస్తుంటే ముందు చేయి వెనక్కి తీసుకోండి. కేబుల్ మార్చండి, పోర్ట్ మార్చండి, హబ్ తీసేయండి. వీటివల్ల ఒక్క బైటు కూడా చెరగదు. డిస్కుల జాబితా చూపే ఎల్ఎస్‌బ్లాక్‌లో సైజు సరిగా చూపిస్తోందా చూడండి. సున్నా అనో, వింత సంఖ్యో వస్తే లోపం డ్రైవ్ లోపలి కంట్రోలర్‌లో ఉండొచ్చు, ఫైల్ సిస్టమ్‌ది కాదు.

డేటా విలువైనదైతే బ్లాక్‌డెవ్ సెట్-ఆర్‌ఓ అనే కమాండు ఇచ్చి డిస్క్ మీదికి రాతలు ఆపండి. రీడ్-ఓన్లీగా మౌంట్ చేస్తే చాలదా అంటారేమో. లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేసినా, రాయబోయేది ముందే నమోదు చేసుకునే జర్నల్‌లో మిగిలిపోయిన రాతల్ని అది డిస్క్ మీదికి ఎక్కిస్తుంది. అలా ఎక్కించవద్దని మౌంట్ చేసేటప్పుడు నోలోడ్ అని కూడా చెప్పాలి. ఆ తర్వాత జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మొత్తం డిస్కుని మరో డిస్కు మీదికి ఒక ఇమేజ్‌గా, అంటే అచ్చంగా నకలుగా, తీసుకోండి. సులువుగా వచ్చే భాగాలు ముందు తీసుకుని, మొండికేసే చోట్లకి తర్వాత వస్తుంది. మ్యాప్ ఫైల్ ఇవ్వడం మరచిపోకండి. మధ్యలో ఆగినా ఆ ఫైల్ ఉంటే ఆపిన చోటు నుంచే సాగుతుంది. ఎఫ్ఎస్‌చెక్ చేయాలంటే ఆ ఇమేజ్‌కి మరో కాపీ తీసి దాని మీద చేయండి. అదీ మొదటిసారి హైఫన్ ఎన్ తో. అప్పుడు ఏం చేయాలనుకుంటోందో చెబుతుంది, చేయదు.

టైమ్ అయిపోతోందని సైగ చేస్తున్నారు, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. వేగంగా కాపీ అవుతూ ఉన్నట్టుండి రీసెట్లు వస్తుంటే, కేబుల్ మంచిదే అయితే, యూఏఎస్‌ని అనుమానించండి. కొన్ని డిస్క్ పెట్టెల్లోని చిప్‌లు దాన్ని సరిగా మోయలేవు. యూఎస్‌బీ-స్టోరేజ్ డ్రైవర్‌కిచ్చే క్విర్క్స్ అనే మినహాయింపుల్లో ఆ పరికరం సంఖ్యల పక్కన యూ అని పెడితే పాత పద్ధతికి వస్తుంది, వేగం కొంత తగ్గినా నిలకడగా ఉంటుంది. కాపీ బార్ నూరు శాతం చూపించగానే డ్రైవ్ లాగేయకండి, రాయాల్సింది ఇంకా మెమరీలోనే ఉండొచ్చు. అన్‌మౌంట్ చేయండి, ప్రాంప్ట్ తిరిగి వచ్చేదాకా ఆగండి. 'బిజీ' అంటే ఎల్ఎస్‌ఓఎఫ్‌తో ఎవరు పట్టుకున్నారో చూడండి. ఎస్‌డీబీ అన్న పేరుని నమ్మి, ఏది ఎక్కడ మౌంట్ చేయాలో రాసుకునే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో రాయకండి, తీసి పెడితే ఎస్‌డీసీ కావచ్చు, మారని గుర్తింపు సంఖ్య యూయూఐడీ రాయండి. పెన్‌డ్రైవ్‌లలో కనబడే పాత ఫైల్ సిస్టమ్ ఎఫ్‌ఏటీ32లో 4 గిగాబైట్ల ఫైల్ పట్టకపోతే అది డ్రైవ్ లోపం కాదు, ఆ ఫైల్ సిస్టమ్ హద్దే అంత. కొత్త పెన్‌డ్రైవ్‌లో కొంత నిండాక ఫైళ్లు చెడిపోతుంటే ఎఫ్3తో పరీక్షించండి, రాసి ఉన్నంత సైజు నిజంగా లేకపోవచ్చు.

నా స్నేహితురాలు ఇప్పటికీ రోజూ రాత్రి ఒక గంట ఆ నంబర్ల ఫైళ్లు ఒక్కొక్కటే వింటున్నారు. గుర్తుపట్టినదానికి పక్షి పేరు పెడుతున్నారు. తారీఖు, చోటు మాత్రం చాలావాటికి ఖాళీగానే ఉంటున్నాయి.

పని చేయని డ్రైవ్‌లు ఎవరైనా తెచ్చారా? మీరేనా అమ్మా, రండి. కేబుల్ కూడా తెచ్చారు, మంచిది. ఆగండాగండి, ఇంకా పెట్టకండి. ముందు నన్ను డీమెసేజ్ నొక్కనివ్వండి. అందరికీ తెర కనబడుతోందా? ఊఁ, ఇప్పుడు పెట్టండి.